ముడిపడే కండువా

చంద్రశిలా నగరంలో సూర్యుడు సైతం వేళ తప్పకుండా కొలువుకు వస్తాడని జనం చెప్పుకునేవారు. ఆ ఉదయం కూడా ఆయన రాజసౌధం మీద బంగారు పూత పూస్తూ, పగడపు స్తంభాలను ఎర్రగా తడుముతూ, మరకత తోరణాల్లోంచి పచ్చని వెలుగులు నేలమీద పరుస్తూ వచ్చాడు. సభామండపానికి ఎక్కే ముప్పై చలువరాతి మెట్లు తళతళలాడాయి. ప్రతి మెట్టుకూ అటొకటి ఇటొకటి రాతి బొమ్మలు. అన్నీ చేతులు జోడించుకుని, నడుం కాస్త వంచి, పెదవులు బిగించుకుని ఉంటాయి. కొత్తగా నగరానికి వచ్చినవాళ్ళు ఆ పనితనం చూసి ముక్కున వేలేసుకునేవారు. అసలు సంగతి తెలిశాక ఆ మెట్ల వంక చూడడమే మానుకునేవారు. ఎందుకంటే వాటిని ఏ శిల్పీ చెక్కలేదు.

వెనకటికి వక్రఘోణుడనే మాంత్రికుడు ఈ రాజ్యానికి గురువుగా ఉండి, పోతూ పోతూ ఒక ఆచారం పెట్టిపోయాడు. కొలువులో చేరిన ప్రతివాడూ భుజాన పసుపు కండువా వేసుకోవాలి. పైవాడు పని చెప్పాలి, కిందివాడు ‘చిత్తం’ అనాలి. అన్న మరుక్షణం కండువా కొసన దానంతట అదే ఒక ముడి పడుతుంది. పని సవ్యంగా పూర్తయితే దానంతట అదే ఊడుతుంది. కొత్తగా చేరినవాడి ముడి పొద్దుగూకేలోగా ఊడకపోయిందా, వాడు నిలువునా రాయి అయిపోయి ఆ మెట్ల మీద తేలతాడు. నలభై రోజులు దాటిన పాతకాపులకు ఆ భయం లేదు. వాళ్ళ ముడులు ముడులుగానే ఉంటాయి, వాళ్ళు మనుషులుగానే ఉంటారు. ఏ కొలువులో చూసినా ఇంతే కదా! పాతవాడి తప్పుకు ఏళ్ళ గడువు, కొత్తవాడి తప్పుకు ఒక్క గడియ.

మాచన కొలువులో చేరి ఆనాటికి తొమ్మిది రోజులు. ఇరవై రెండేళ్ళవాడు, ఏరుగడ్డ రేవులో పడవ నడిపే తిప్పన రెండో కొడుకు. పెద్దకొడుకు బేతన మూడేళ్ళ కిందట ఇదే కొలువుకు వచ్చాడు. ఇప్పుడు పదకొండో మెట్టు మీద కుడివైపున చేతులు జోడించుకుని ఉన్నాడు. తొలిరోజు ఆ మెట్టు ఎక్కుతూ అన్న మొహం గుర్తుపట్టి మాచన కూలబడ్డాడు. ఎండకు కళ్ళు తిరిగాయని అబద్ధమాడి, ఎవరికీ తానెవరో చెప్పకుండా లేచి నిలబడ్డాడు. నలభై రోజులు ముడి మిగలకుండా గట్టెక్కినవాడు రాజును ఒక్క కోరిక కోరవచ్చు. వాడి కోరిక ఏమిటో వేరే చెప్పాలా? ఏటి ఒడ్డున తల్లి ఇద్దరు కొడుకుల కోసం ఎదురుచూస్తోంది. తనూ రాయి అయిపోతే ఆమెకు మిగిలేది ఏరొక్కటే.

వాడికున్న బలమూ బలహీనతా ఒక్కటే. రేవులో పుట్టినవాడు అవతలి ఒడ్డు నుంచి కేక వినబడితే రానని అనడు. ఎవరు, ఎందుకు, ఎంతమంది అని అడగడు. ముందు ‘వస్తున్నా’ అంటాడు, తరవాత తెడ్డు అందుకుంటాడు. అది పడవవాళ్ళ మర్యాద. ఆ మర్యాదను మాచన మూటగట్టుకుని కొలువుకు తెచ్చుకున్నాడు. ఎనిమిది రోజులు అది చక్కగా పనికొచ్చింది. నీళ్ళు తెమ్మంటే చిత్తం, గుర్రానికి మేత వెయ్యమంటే చిత్తం. ‘కుర్రాడు చురుకైనవాడు’ అని పేరు కూడా వచ్చింది. పేరు వస్తే పని వస్తుందనీ, పని వెంట ప్రమాదం వస్తుందనీ పాపం వాడికింకా తెలియదు.

తొమ్మిదోనాడు పొద్దున్నే మహారాణి చారుకేశి పల్లకి వాడి ముందు ఆగింది. తెర తొలగింది.

“కొత్తగా చేరింది నువ్వేనా అబ్బాయీ? చిన్నబాబుకు జ్వరం తగ్గడం లేదు. ధవళ గోపురం మీద భేరుండ పక్షి ఉంది చూడు, దాని ఈక ఒకటి పొద్దువాలే లోపల తెచ్చిపెట్టు.”

ఆమె తెర వెయ్యకుండా ఒక్క క్షణం ఆగింది. వీడేమైనా అడుగుతాడేమోనని ఆగిందేమో! మాచన ఆ క్షణాన్ని గట్టిగా “చిత్తం మహారాణీ!” అని నింపేశాడు. కండువా కొసన ముడి పడింది.

పది అడుగులు వేశాడో లేదో సేనాని ప్రచండుడు ఎదురయ్యాడు. మీసాలు చెవులదాకా, గొంతు కోట అవతలిదాకా ఉండే మనిషి.

“ఒరే! నిన్న అగడ్త పక్కన నడుస్తుంటే నా కాలి గండపెండేరం జారి నీళ్ళలో పడింది. మొసలి మింగేసింది. రేపు వీరపూజకు అది లేకపోతే నా పరువు గంగలో కలుస్తుంది. నువ్వు ఏటిగట్టున పుట్టినవాడివట కదా, తీసుకురా!”

“చిత్తం!” రెండో ముడి.

మాచన గోపురం వైపు తిరిగేసరికి మహామంత్రి మేధానిధి. వెనక పదిమంది పరివారం. అంతమంది చూస్తుండగా కాదనడమంటే మాటలా?

“ఓయీ, ఉత్తరద్వారం దగ్గర నల్లరాతి పలక ఉంది. రోజూ దానిమీద నిలబడేవాడికి చలిజ్వరం. ఇవాళ నువ్వు నిలబడు. పొద్దు గూకేదాకా పలక దిగకూడదు.”

ఏనుగుకూ చీమకూ కూడా తెలుస్తుంది ఈ మూడో పని మొదటి రెంటికీ పడదని. మాచనకూ తెలిసింది. ‘అయ్యా, రాణిగారి పని ఉంది, సేనానిగారి పని ఉంది’ అని నాలుక చివరిదాకా వచ్చింది. పదిమంది మొహాలు చూశాడు. కొత్తవాడు చేతకానివాడు అనుకుంటారేమో! “చిత్తం” అన్నాడు. మూడో ముడి బిగుసుకుంది. లోకంలో మూడు ముడులతో కొంపలు నిలబడతాయి, వీడి కొంప మునిగింది.

మిట్టమధ్యాహ్నం వేళకు మాచన నల్లపలక మీద నిలువెల్లా చెమటలు కక్కుతున్నాడు. దిగితే మూడో ముడి ఊడదు. దిగకపోతే మొదటి రెండూ ఊడవు. ఎటు చూసినా పదకొండో మెట్టే కనబడుతోంది. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు దీపపు కుందులు తోమే వీరసాని అవ్వ చంకలో బుట్టతో అటుగా వచ్చింది. నలభై ఏళ్ళ కొలువు ఆమెది. కండువా వెలిసి తెల్లబడింది గానీ దానిమీద ఒక్క ముడి జాడ లేదు.

“ఏరా నాయనా, ఇక్కడెందుకు నిలబడ్డావు?”

“మంత్రిగారు నిలబడమన్నారవ్వా.”

“అదే, ఎందుకని?”

“అడగలేదు.”

అవ్వ బుట్ట కింద పెట్టి వాడి కండువా చేతిలోకి తీసుకుంది. మూడు ముడులు చూసి నుదురు కొట్టుకుంది. “మూడు ముడులా! ఒక్కరినైనా ఒక్క ముక్క అడిగావా?”

“అడిగితే ఏమీ తెలియనివాణ్ణి అనుకుంటారని…”

“అనుకోనీరా! నేను చేరిన కొత్తలో నాతోపాటు చేరినవాళ్ళు నన్ను ‘ప్రశ్నల సాని’ అని వెక్కిరించారు. ఏ కుంది, ఏ గదికి, ఎవరి కోసం, ఎప్పటికి అని నాలుగూ అడిగితే గానీ చిత్తం అనేదాన్ని కాదు. వెక్కిరించినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో చూపించనా? మూడో మెట్టు మీద ఇద్దరు, ఏడో మెట్టు మీద ఒకడు.” అవ్వ మోకాళ్ళు పట్టుకుని వంగి బుట్ట ఎత్తుకుంది. “నీ బదులు నేను పోయి మంత్రిని అడిగొస్తాను. వచ్చేదాకా అడుగు కదపకు. విన్నావా?”

“వెంటనే వస్తావా అవ్వా?”

“నా కాళ్ళు ఎంత వెంటనే తెస్తే అంత వెంటనే వస్తాను.”

అవ్వ కుంటుకుంటూ పోయింది. సూర్యుడు మాత్రం కుంటలేదు. గోపురం నీడ జానెడు, బారెడు సాగింది. మాచన ఆ నీడనే చూస్తూ లెక్కవేసుకున్నాడు. మూడింట్లో రెండు పనులైనా చేస్తే ఆ ఇద్దరూ తన తరఫున ఒక మాట చెప్పకపోతారా? ఆశ ఎంత పనైనా చేయిస్తుంది. దేవుడా అని దణ్ణం పెట్టుకుని పలక దిగాడు. కాలు తీయగానే పలక కింద ఏదో నిట్టూర్చినట్టయింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

ధవళ గోపురం మేఘాలను గోకుతూ నిలబడి ఉంది. దాని అడుగున కుప్పలు కుప్పలుగా తెల్లని ఈకలు రాలిపడి ఉన్నాయి. మాచన వాటిని తొక్కుకుంటూ పరిగెత్తి, గోడను అల్లుకున్న తీగ పట్టుకుని పైకి పాకాడు. అరచేతులు చిట్లాయి. సగం దారిలో తీగ తెగింది, కిటికీ రాయి దొరికింది. రాయి ఊడింది, పై గోడ అంచు అందింది. పైకి చేరేసరికి రెండు తలల భేరుండం గూట్లో కునుకు తీస్తోంది. ఒక తల నిద్రపోతే రెండోది కాపలా కాస్తుందని వాడికెవరు చెప్పాలి? తోక ఈక ఒకటి పట్టుకుని బలంకొద్దీ లాగాడు. ఈక వచ్చింది, దాంతోపాటు కాపలా తల కూడా వచ్చింది. పక్షి వాడి రెండు భుజాలూ గోళ్ళతో పట్టి ఆకాశంలోకి లేచింది. నగరం కింద గిర్రున తిరిగింది. మాచన ఈకను పళ్ళతో కరిచి, పక్షి కాలిని తన్ని, విదిలించుకుని, నడి ఆకాశంలోంచి ధబేలుమని అగడ్తలో పడ్డాడు.

పడడం పడడం మొసలి ముందే పడ్డాడు. నీళ్ళలో మాత్రం వాడు బెదిరే రకం కాదు. అది నోరు తెరవగానే ఒడ్డున విరిగిపడ్డ వెదురు గడ లాగి దవడల మధ్య నిలువుగా దిగ్గొట్టాడు. మొసలి నోరు మూయలేక తల కొట్టుకుంటోంది. లోపల గొంతు మొదట్లో తళుక్కున ఏదో మెరిసింది. చెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టి పీకాడు. బంగారు గండపెండేరం! వెదురు ఫెళ్ళుమని విరిగేలోపే వాడు గట్టెక్కాడు. ఒళ్ళంతా రక్తం, బురద. అయినా తొమ్మిది రోజుల్లో అంత సంతోషం వాడికెన్నడూ కలగలేదు. అన్నా, ఇంకెంతో దూరం లేదన్నా అనుకున్నాడు.

అంతఃపురం గుమ్మంలో మహారాణి ఈక అందుకుంది. పక్కనున్న వైద్యుడు మొదలు చూసి మొహం చిట్లించాడు.

“ఇది పీకిన ఈక తల్లీ. మొదట్లో నెత్తురుంది. బతికున్న భేరుండం నెత్తురు విషం. మందుకు రాలిన ఈక కావాలి.”

“గోపురం కింద బుట్టలకొద్దీ పడి ఉంటాయే!” అంది రాణి. ఆమె గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. “ఎందుకని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా అబ్బాయీ. చూడబోతే తెలివైనవాడిలాగే ఉన్నావు.”

ముడి ఊడలేదు. మాచన సేనాని దగ్గరికి పరిగెత్తాడు. ప్రచండుడు గండపెండేరాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఇది నాది కాదురా. నాదానికి సింహం గుర్తు, దీనికి ఏనుగు. ఇది నాకు ముందున్న సేనానిది.” అగడ్త వంక ఓరగా చూశాడు. “ఆయన తీర్థయాత్రలకు వెళ్ళాడన్నారే!”

“నాకు గుర్తు చెప్పలేదు కదయ్యా!”

“నువ్వు అడగలేదు కదరా!”

రెండో ముడీ ఊడలేదు. పడమట సూర్యుడు కోటగోడకు బెత్తెడు ఎత్తులో ఉన్నాడు. గోపురం ఎక్కినవాడు, మొసలి నోట్లో చెయ్యి పెట్టినవాడు, ఇప్పుడు రెండు చేతులూ వేలాడేసుకుని దారి మధ్య నిలబడిపోయాడు. వాడి కష్టంలో లోపం లేదు. కష్టమంతా పక్కదారిన పోయింది.

అప్పుడే ఉత్తరద్వారం దగ్గర భూమి బద్దలైనట్టు చప్పుడైంది. నల్లపలక రెండు ముక్కలై గాలిలోకి లేచింది. దాని కింది బిలంలోంచి ఉడుము ఆకారంలో, ఏనుగంత శరీరంతో, తిరగలి రాళ్ళంత పళ్ళతో ఒక మృగం పైకి పాకింది. దారిలో కావలివాళ్ళు బల్లాలు విసిరినా దానికి పట్టలేదు, మనుషుల వంక చూడనైనా లేదు. వాసన పట్టుకుంటూ తిన్నగా సభామండపం మెట్ల దగ్గరికి పోయింది. మొదటి మెట్టు మీది రాతి మనిషిని మొలదాకా కొరికి కరకర నమిలింది. దాని ఆహారం రాయి. వక్రఘోణుడు ఆ ఆచారం ఎందుకు పెట్టిపోయాడో, ముప్పై మెట్ల నిండా దేనికోసం ధాన్యం నింపాడో మాచనకు ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై మాత్రం ఏం లాభం?

“అన్నా!” అని అరుస్తూ మృగాన్ని తప్పించుకుని పక్కనుంచి మెట్లెక్కాడు. పదకొండో మెట్టు మీద బేతన నడుం పట్టుకుని లాగాడు. కదలలేదు. తోశాడు, భుజం ఆనించి ఎత్తబోయాడు. వెంట్రుక వాసి కూడా కదలలేదు. కింద రెండో మెట్టు నమిలిన చప్పుడు. సూర్యుడు గోడ వెనక్కి దిగాడు. పాదాల దగ్గర చల్లగా తగిలి మాచన కిందికి చూశాడు. కాలివేళ్ళు తెల్లగా చలువరాయి అయిపోతున్నాయి. మోకాళ్ళు, తొడలు, నడుము. రాయి నడుముదాకా వచ్చి, ఇక ఆపైన నెమ్మదిగా పాకడం మొదలుపెట్టింది. అన్న భుజానికి తమ్ముడి భుజం ఆనింది. వాడు ఏడ్చాడు. సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ గోలకు సభ మొత్తం పై మెట్టు మీదికి వచ్చింది. రాజు కనకబాహు, మంత్రి మేధానిధి పన్నెండో మెట్టుదాకా దిగారు. వాళ్ళ వెనకే వీరసాని అవ్వ.

“పలక ఎందుకు దిగావు?” అని మంత్రి గర్జించాడు.

“పలక కింద ఏముందో మీరెందుకు చెప్పలేదయ్యా?”

మంత్రి శాలువా సర్దుకున్నాడు. బదులు అవ్వ చెప్పింది. “ఆయనకీ తెలియదు నాయనా. మధ్యాహ్నం నుంచీ అడుగుతున్నాను. నోటితో చెప్పలేదు, మొహం చెప్పింది.”

మేధానిధి జరీ శాలువా జారింది. కింద పసుపు కండువా, ఎన్ని ముడులో లెక్కే లేదు. “మా తండ్రిగారు ఆ పలక మీద మనిషిని నిలబెట్టమన్నారు,” అన్నాడు నీరసంగా. “చిత్తం అన్నాను.” రాజు తన పట్టు ఉత్తరీయం తొలగించాడు. ఆయన కండువాలో ముడి లేని చోటు కనబడలేదు. తాతలు చెప్పినవి, గురువులు చెప్పినవి, ఎందుకో తెలియకుండా ఒప్పుకున్నవి. కింద మృగం అయిదో మెట్టు దాటింది.

“నాయనా,” అన్నాడు రాజు మాచనతో. “దాన్ని దగ్గరగా చూసింది నువ్వే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు.”

రాజంతటివాడు అడుగుతున్నాడు! పాత అలవాటు వాడి నాలుక కొసకు వచ్చి కూర్చుంది. మాచన దాన్ని బలవంతాన మింగాడు. మంత్రి కళ్ళలోకి చూశాడు.

“నాకు తెలియదు. పొద్దున మీరు పని చెప్పినప్పుడూ తెలియదు. తెలుసునన్నట్టు తల ఊపాను.”

కండువా కొసన మూడో ముడి మెల్లగా, తనంతట తానే వదులై జారిపోయింది. నడుం మీది రాయి తొడలదాకా దిగింది. అంతకన్నా వింత, ఏడో మెట్టు మీద మృగం నమలడం ఆపేసింది. నోట్లోది చేదెక్కినట్టు కక్కేసి, తల ఊపుతూ వెనక్కి రెండడుగులు వేసింది.

“ముడి ఊడితే దానికి బలం పోతుంది!” అని అవ్వ కేకపెట్టింది. “ఎవరు చెప్పారో వాళ్ళ మొహం మీద తెలియదని ఒప్పుకుంటే చాలు!”

మిగిలిన రెండు ముడులూ విప్పుకుందామంటే రాణి అంతఃపురంలో ఉంది, సేనాని మృగాన్ని చూసి కోట అవతల ఎక్కడో పరిగెడుతున్నాడు. తొడలదాకా రాయైనవాడు వాళ్ళ దగ్గరికి ఎలా పోతాడు? మాచన రాజు వైపు చేతులు చాచాడు. “ప్రభూ, మీ దగ్గర వంద ముడులున్నాయి! పై మెట్టు మీద మీ గురువులున్నారు, పెద్దలున్నారు. వాళ్ళ మొహం చూసి ఒక్క మాట అనండి! మా అన్న మీద ఒట్టు, అది ఇక్కడే పడి చస్తుంది!”

రాజు పైకి చూశాడు. రెండు వందల తలలు ఆయన్నే చూస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆయనకు అన్నీ తెలుసునని నమ్మిన తలలు. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. కింద మృగం తల విదిలించుకుని ఎనిమిదో మెట్టు వాసన చూసింది.

“మంత్రీ,” అన్నాడు రాజు చివరికి. “ముందు నువ్వు అను.”

మేధానిధి చేతులు జోడించాడు. నడుం వంచాడు.

“చిత్తం ప్రభూ.”

ఆయన కండువాలో కొత్త ముడి పడింది. మృగం ఎనిమిదో మెట్టు నమలడం మొదలుపెట్టింది.